ఆకు అప్పగింత

2025 ఫిబ్రవరి 18, మంగళవారం ఉదయం ఆరు గంటలకు పెనుకొండ దగ్గర సంజీవప్ప షెడ్డులో పట్టుపురుగులన్నీ చచ్చిపోయి ఉన్నాయి. నాలుగో జ్వరం దాటిన పురుగులు. పొర విడిచే ముందు పట్టుపురుగు మేత మానేసి కదలకుండా పడుకుంటుంది. దాన్ని రైతులు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటితే పంట చేతికొచ్చినట్టే లెక్క. ఇంకో రెండు రోజుల్లో అవి గూడు కట్టేవి.

సోమవారం పొద్దున అవి తిన్న ఆకు రాష్ట్ర ఉద్యాన సంఘాల సమాఖ్య వార్షిక సభ నుంచి వచ్చింది. దాన్ని ఇప్పించింది నీలావతి.

నీలావతి పెనుకొండ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరైంది. హిందూపురంలో ఉంటోంది. హిందూపురం ఉద్యాన సంఘానికి ఆరేళ్లుగా కార్యదర్శి. ఈసారి వార్షిక సభ ఆతిథ్యం ఆ సంఘానిదే. హిందూపురంలో మండపాలన్నీ పెళ్లిళ్లకు పోయాయి. అందుకని సభను పెనుకొండలో, హైవే పక్కనున్న కల్యాణ మండపానికి మార్చారు. శని, ఆదివారాలు.

సమాఖ్య సభలకు కొన్ని పద్ధతులున్నాయి. స్వాగత తోరణం ఆతిథ్యమిచ్చే ఊరి పంటతో కట్టాలి. పోయినేడు చిత్తూరు వైపు మామిడి, అంతకుముందు గోదావరి వైపు అరటి. సంఘాల అధ్యక్షులు తమ సంఘం పుట్టిన ఏడాది వరసలో ఆ తోరణం కింద నడిచి లోపలికి రావాలి. ఆదివారం సాయంత్రం సభ ముగిసే ముందు మండపంలో ఉన్న పచ్చనిదేదీ చెత్తలోకి పోకూడదు. పూలకుండీ నుంచి తోరణం దాకా ప్రతిదీ ఎవరో ఒకరి చేతికి ఇచ్చే వెళ్లాలి. కార్యదర్శి పేరు పిలిస్తే అధ్యక్షుడు అందిస్తాడు. దాన్ని ఆకు అప్పగింత అంటారు. సమాఖ్య నియమావళిలో అది రాసి ఉంది.

హిందూపురం, పెనుకొండల్లో పంటంటే మల్బరీ. తోరణానికి కొమ్మలడగడానికి నీలావతి సంజీవప్ప దగ్గరకు వెళ్లింది. ఆయన తోట మండపానికి కూతవేటు దూరం. ఆయన కొడుకు వెంకటేష్ ఆమె దగ్గర చదువుకున్నవాడే.

"పురుగులు పెద్ద మేతలో ఉండాయి టీచరమ్మా. ఇప్పుడు కొమ్మ ఇస్తే బిడ్డ నోటికాడ కూడు తీసినట్లే" అన్నాడు సంజీవప్ప.

"నీళ్లలో పెట్టి ఉంచుతాం. ఆదివారం సాయంత్రం స్టేజీ మీద నీ చేతికే ఇస్తాం. ఒక్క ఆకు పోదు."

"స్టేజీ మీదనా? ఫోటో గూడా తీస్తారా?"

"తీస్తారు."

"అట్లయితే మా వెంకటేషు పెండ్లికి కుట్టించుకున్న చొక్కా ఏసుకోని వస్తా" అని నవ్వి, శనివారం పొద్దున్నే కొమ్మలు కోసి తనే ట్రాలీ మీద తెచ్చాడు. ఆదివారం సాయంత్రం చొక్కా వేసుకునే వచ్చాడు. నీలావతి మైకులో పేరు పిలిచింది. హిందూపురం సంఘం అధ్యక్షుడు ఉమాశంకర్ తోరణం కొమ్మల మోపు అందించాడు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చినవాళ్లు చప్పట్లు కొట్టారు. అంతకు గంట ముందే ఉమాశంకర్ రాబోయే రెండేళ్లకు సమాఖ్య రాష్ట్ర అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు.

సంజీవప్ప కొమ్మలను ఇంటికి తీసుకుపోయి తడి గోనెల కింద పెట్టాడు. సోమవారం పొద్దున మిగతా ఆకుతో కలిపి మేతగా వేశారు. మధ్యాహ్నానికి పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఆడించాయి. పచ్చగా కక్కాయి. పొద్దు గూకే సరికి ముడుచుకుపోవడం మొదలైంది.

మంగళవారం ఏడు గంటలకు సంజీవప్ప ఫోన్ చేశాడు.

"టీచరమ్మా, ఒక మాట అడుగుతా, ఏమనుకోవద్దు. ఆకు మీద మందేమన్నా పడిందా?"

"మందా? మా సభలో మందు మాటే లేదప్పా. మా బోర్డు చూసినావు కదా."

బోర్డు వేదిక వెనక కట్టారు. 'మందు లేని తోట' అని రాసి ఉంది. రెండేళ్ల కిందట సమాఖ్య చేసిన తీర్మానం అది. సభ్యసంఘాల తోటల్లోగానీ పోటీల్లోగానీ పురుగుమందు వాడకూడదు.

"అయినా ఒకసారి కనుక్కోండమ్మా. పురుగు కక్కింది. అది మందు తగిలిన గుర్తు."

నీలావతి ఉమాశంకర్‌కు ఫోన్ చేసింది. పూల పోటీ ఏర్పాట్లన్నీ ఆయనవే. బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. ఇంటి మేడ మీద రెండొందల కుండీల రోజాలున్నాయి.

"నీళ్లు చల్లినామమ్మా, అంతే. వాడిపోకుండా" అన్నాడు.

నీలావతి ఆ మాటనే సంజీవప్పకు చెప్పింది. "నీళ్లే చల్లినారు. నేను కనుక్కున్నా."

సంజీవప్ప "సరేమ్మా" అని పెట్టేశాడు.

ఆకులో తప్పు లేదంటే తప్పు షెడ్డులో ఉన్నట్టు. ఆ ఇళ్లలో లెక్క అలాగే ఉంటుంది. నెలసరి రోజుల్లో ఆడవాళ్లు పురుగుల షెడ్డు గడప దాటకూడదు. సంజీవప్ప భార్య అంజనమ్మ ముప్పై ఏళ్లుగా దాటలేదు. సోమవారం పొద్దున మేత వేసింది కోడలు పద్మజ. అంజనమ్మ అడిగింది. పద్మజ అబద్ధం చెప్పలేదు. మూడో రోజు అంది. బుధవారం ఆమెను ధర్మవరం, పుట్టింటికి పంపేశారు. ఐదేళ్ల కూతుర్ని ఉంచుకున్నారు.

ఈ సంగతి నీలావతికి నాలుగు రోజుల తర్వాత హిందూపురం పట్టుగూళ్ల మార్కెట్లో పనిచేసే పాత విద్యార్థి ఒకడి ద్వారా తెలిసింది. అయ్యో అనుకుంది. ఆకులో తప్పు లేదనే అనుకుంటూ ఉంది.

మార్చి 2, ఆదివారం వార్షిక నివేదిక రాయడానికి ఆమె ఉమాశంకర్ ఇంటికి వెళ్లింది. ఆయన ల్యాప్‌టాప్‌లో రోజాల ఫోటోలు చూపించాడు.

"చూడండి టీచరమ్మా. ఒక్క రెక్క మీద మచ్చ లేదు. జడ్జీలు భూతద్దం పెట్టి చూసినారు. ఒక్క పురుగు దొరకలేదు."

పోటీ నియమం అది. పువ్వు మీద ఒక్క పురుగు కనిపించినా పోటీ నుంచి తీసేస్తారు.

"ఫిబ్రవరిలో తామర పురుగు లేకుండా రోజా ఎట్ల వచ్చింది సార్?" అంది నీలావతి.

"మీరు సైన్సు టీచరు గదా, మీరే చెప్పండి." ఆయన నవ్వాడు. "నీళ్లకు పోతాదా తామర పురుగు?"

ఆమె ఫోటో మీది నుంచి కళ్లెత్తింది.

"ఏం చల్లినారు?"

"శనివారం సాయంత్రం అందరూ భోజనాలకు పోయినప్పుడు. రోజాల బల్లల పక్కనే తోరణం. మల్బరీ నిండా తామర పురుగు. గాలికి ఇటే వస్తాది. దానికి కొట్టకుండా రోజాలకు కొడితే ఏం లాభం?"

"తోరణానికి కొట్టినారా?"

"రెండు పంపుల మందు."

"ఆదివారం మీ చేత్తో ఆ కొమ్మలు ఇచ్చినారు కదా సార్."

ఉమాశంకర్ ల్యాప్‌టాప్ మూశాడు. "ఎండిన కొమ్మలు. మేకలకేస్తాడు, పొయ్యిలోకేస్తాడు అనుకున్నా. మైకులో పేరు పిలిచినారు, ఇచ్చినా. తిరిగి పురుగులకేస్తాడని నాకెవరు చెప్పినారు?"

"నేను ఫోన్ చేసి అడిగినప్పుడు?"

"అప్పటికే చచ్చినాయి గదమ్మా. చెప్తే బతుకుతాయా?"

పద్మజ సంగతి నీలావతి చెప్పింది. ఆయన విన్నాడు. వాళ్ల ఇంటి గొడవల్లో సంఘం ఎట్లా దూరుతుందని అడిగాడు. సమాఖ్య అధ్యక్షుడే మందు కొట్టాడని తెలిస్తే ఆ తీర్మానం గతేమవుతుందని అడిగాడు. ఆయన భార్య కాఫీ తెచ్చింది. నీలావతి తాగకుండానే లేచింది.

ఆ రోజే పెనుకొండకు పోయి చెప్పాలనుకుంది. బస్టాండు దాకా వెళ్లింది. పెనుకొండ బస్సు కదులుతుంటే ఎక్కకుండా ఆగిపోయింది. ఒకసారి లేదని చెప్పిన నోరు తనది. ఇప్పుడు ఉందంటే ఎవరు నమ్ముతారు? సంఘం చెప్పాలి. మినిట్స్‌లో రావాలి. అప్పుడు కాదనడానికి ఎవరికీ వీలుండదు. అలా అనుకుని ఇంటికి తిరిగొచ్చింది.

వార్షిక సభ మినిట్స్‌ను, నీలావతి కూడా సభ్యురాలిగా ఉన్న సమాఖ్య కార్యవర్గం తన తర్వాతి సమావేశంలో చదివి ధ్రువీకరించాలి. తప్పులుంటే సవరణ అక్కడే చెప్పాలి. ధ్రువీకరించాక ఒక్క మాట మార్చడానికి లేదు. ఆ సమావేశం మార్చి 23న, ధర్మవరంలో.

ఆ రోజు నీలావతి పొద్దున్నే రైలు దిగి ముందు పద్మజ ఇంటికి వెళ్లింది. మగ్గాల వీధి. పద్మజ నాన్న నారాయణ గుంటమగ్గం మీద పట్టుచీర నేస్తున్నాడు. పద్మజ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతోంది.

"పెనుకొండ టీచరు నాయనా, వెంకటేషువాళ్లకు చదువు చెప్పింది" అంది పద్మజ తండ్రితో. లేవలేదు.

"రాండమ్మా. తోటలోళ్ల మీటింగంట గదా ఈడ. మా వీధిలో తులసిచెట్టు పెట్టను గూడా జాగా లేదు. ఈ ఊర్లో ఏం మీటింగు పెట్టుకుంటారో" అన్నాడు నారాయణ. పోగు సరిచేసుకుని మళ్లీ నేతలో పడ్డాడు.

నీలావతి పద్మజ పక్కన కూర్చుంది. "ఆకు మీద మందు పడింది. నాకు మొన్ననే తెలిసింది."

పద్మజ చెయ్యి రాట్నం మీద ఆగలేదు.

"మీరు లేదన్నారంట గదా టీచర్."

"అన్నా. తెలీక అన్నా."

"మామ ఫోన్ పెట్టేసి, ఆకులో ఏం లేదంట, టీచరమ్మ కనుక్కునిందంట అన్నాడు. అప్పుడు అత్త నా తట్టు తిరిగింది."

"నువ్వు లోపలికి ఎందుకు పోయినావమ్మా ఆ రోజు?"

"ఆయన పురుగు గూడు కట్టను చంద్రికలు తేను హిందూపురం పోయినాడు. మామ తోటలో ఉండాడు. అత్తకు మోకాళ్లు. పురుగు ఆకలిమీద ఉంటే గంట ఆగదు. ఆయనకు ఫోన్ చేస్తి. నేను బయటుండానంటే, ఎవురికి తెలుస్తాది, వేసేయ్ అన్నాడు."

"వెంకటేష్ అన్నాడా?"

"అన్నాడు. అత్త అడిగినప్పుడు ఆడనే నిలబడుకోని ఉండాడు. ఏం పలకలేదు." కండె నిండింది. తీసి బుట్టలో వేసి ఇంకోటి పెట్టింది. "పాప రేత్రి ఫోన్లో ఏడుస్తాది. ఇప్పుడు ఫోను గూడా తక్కువ చేసినారు. మీ సంఘం చెప్తే మామ ఇంటాడు టీచర్. ఆ ఫోటో ఇంట్లో తగిలించుకోనుండాడు. మీ మాట మీద గురి ఆయనకు."

"ఈ రోజు చెప్పిస్తా" అంది నీలావతి.

సమావేశం ధర్మవరం ఉద్యాన సంఘం హాల్లో జరిగింది. ఆ సంఘం అధ్యక్షుడు జయరాముడు పట్టుచీరల వ్యాపారి. గుమ్మంలోనే నీలావతి ఆయనకు అంతా చెప్పింది. సవరణ ఎవరు ప్రతిపాదించినా ఇంకో సభ్యుడు బలపరచాలి. బలపరిచేవాళ్లు లేకపోతే అది ఓటుకు రాదు. మినిట్స్‌లోకీ ఎక్కదు.

"ఎంత పని చేసినాడమ్మా ఆయన" అన్నాడు జయరాముడు. "మా ఊరి ఆడబిడ్డ. నేను బలపరుస్తా. మీరు లేయండి, మీ ఎనకే నేను లేస్తా."

పదకొండు గంటలకు సమావేశం మొదలైంది. రాష్ట్ర అధ్యక్షురాలు కౌసల్యమ్మది కర్నూలు. ఏప్రిల్ ఒకటిన ఆమె దిగిపోయి ఉమాశంకర్ పదవిలోకి వస్తాడు. ఆమె పక్కన ఉమాశంకర్ కూర్చున్నాడు. మొదటి అంశం వచ్చే ఏడాది వార్షిక సభ ఎక్కడ అన్నది. కడప అడిగింది. ధర్మవరం అడిగింది. ఉమాశంకర్ లేచి, ధర్మవరానికి ఇవ్వాలని ప్రతిపాదించాడు. కడప వాళ్లు తప్ప అందరూ చేతులెత్తారు. జయరాముడు అందరికీ నమస్కారం పెట్టాడు.

రెండో అంశం మినిట్స్. సంయుక్త కార్యదర్శి చదివాడు. చివరి పేరా ఇది: "అలంకరణకు వాడిన మల్బరీ ఆకును స్థానిక రైతు శ్రీ సంజీవప్పకు ఆకు అప్పగింత ఆనవాయితీ ప్రకారం అందజేయడమైనది."

"సవరణలేమైనా ఉన్నాయా?" అంది కౌసల్యమ్మ.

నీలావతి లేచింది. ఆ పేరా చివర ఇంకో వాక్యం చేర్చాలంది. ఫిబ్రవరి 15 సాయంత్రం ఆ ఆకు మీద పురుగుమందు చల్లారు, ఆ సంగతి రైతుకు చెప్పలేదు, అని. చల్లింది ఎవరో చెప్పింది. ఎందుకో చెప్పింది. పురుగులు చచ్చాయనీ, దానివల్ల ఒక ఆడమనిషిని ఇంటి నుంచి పంపేశారనీ చెప్పింది. తాను తెలుసుకోకుండా లేదన్నాననీ చెప్పింది.



"ఉమాశంకర్ గారూ?" అంది కౌసల్యమ్మ.

"సభలో జరిగినదే మినిట్స్‌లో ఉండాలండీ" అన్నాడాయన. "ఆ సభలో మందు గురించి ఎవరూ మాట్లాడలేదు. సభ తర్వాత తెలిసిన సంగతులు ఆ సభ మినిట్స్‌లో ఎట్లా వస్తాయి?"

"చల్లలేదని అంటున్నారా?"

"నేను మినిట్స్ గురించి మాట్లాడుతున్నా."

కౌసల్యమ్మ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "సవరణ ప్రతిపాదించారు. బలపరిచేవారు ఉన్నారా?"

నీలావతి జయరాముడి వైపు చూసింది. ఆయన ముందున్న ప్లేట్లో మిక్చరు ఉంది. అందులో వేరుశనగ గింజలు ఏరుతున్నాడు.

"జయరాముడు గారూ" అంది నీలావతి.

ఆయన తల ఎత్తకుండా అన్నాడు: "ఇది లోపల మాట్లాడుకోవాల్సిన సంగతమ్మా. నలుగురిలో కాదు."

"బలపరిచేవారు ఉన్నారా?" కౌసల్యమ్మ రెండోసారి అడిగింది. నియమం ప్రకారం మూడోసారీ అడిగింది. "లేరు కాబట్టి సవరణ రద్దయింది. మినిట్స్ ధ్రువీకరిస్తున్నాం."

నీలావతి ఇంకా నిలబడే ఉంది. హిందూపురం సంఘం కార్యదర్శి పదవికీ, సమాఖ్య కార్యవర్గానికీ రాజీనామా చేస్తున్నానంది. దాన్ని ఆమోదించాలని ఉమాశంకర్ ప్రతిపాదించాడు. జయరాముడు బలపరిచాడు.

ఆమె హాలు నుంచి మగ్గాల వీధికి పోలేదు. స్టేషను బయట పెనుకొండ పోయే బస్సెక్కింది. సాయంత్రం నాలుగింటికి సంజీవప్ప ఇంటి ముందు దిగింది.

షెడ్డు కడిగి సున్నం వేశారు. కొత్త పంటకు చాకీ పురుగులు, అంటే పిల్ల పురుగులు, తెచ్చుకోవడానికి తయారవుతున్నారు. వరండా గోడకు స్టేజీ మీది ఫోటో తగిలించి ఉంది. పెళ్లి చొక్కాలో సంజీవప్ప, కొమ్మల మోపు, ఇవతల ఉమాశంకర్, మైకు పట్టుకుని నీలావతి. పాప వరండాలో బొప్పాయి కాడతో నేల మీద గీతలు గీస్తోంది.

నీలావతి ఉన్నదున్నట్టు చెప్పింది. సంజీవప్ప గోడకు ఆనుకుని విన్నాడు. అంజనమ్మ గడపలో కూర్చుని విన్నది. వెంకటేష్ నిలబడ్డాడు.

"నేను ఆ పొద్దే అంటి గదా, మందు తగిలిన గుర్తని" అన్నాడు సంజీవప్ప. ఫోటో వైపు చూశాడు. "ఆయప్ప నవ్వుతా ఇచ్చినాడు."

"సంఘం రాసిచ్చిందా టీచర్?" అన్నాడు వెంకటేష్.

"లేదు. ఒప్పుకోలేదు. నేను రాసిస్తా."

"మీరు ఒకసారి లేదన్నారు. ఇప్పుడు ఉందంటాండారు. రేపు ఎవురన్నా అడిగితే ఏది చూపించేది? తీర్మానం ఉంటే వేరే."

"వెంకటేషూ, లోపలికి పొమ్మన్నది ఎవరు? ఆ రోజు పద్మజ నీకు ఫోన్ చేసింది."

సంజీవప్ప కొడుకు వైపు తిరిగాడు. వెంకటేష్ పాప చేతిలోంచి బొప్పాయి కాడ లాక్కుని వాకిట్లోకి విసిరేశాడు. పాప అవ్వ దగ్గరికి పరిగెత్తింది.

"ఫోనా? నేను బస్సులో ఉంటి. ఏం ఇనపడలేదు" అన్నాడు.

"ఏమ్మా టీచరమ్మా" అంది అంజనమ్మ. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుంది. "మందు పడింది. సరే. ఆయప్పది తప్పే. మీదీ తప్పే. కానీ ఆ పిల్ల లోపలికి పోయిందా లేదా?"

"పోయింది. పురుగులు ఆకలితో ఉన్నాయని పోయింది. చచ్చింది మందుకమ్మా."

"మందుకే చచ్చింటాయి. పోయినందుకే మందు ఆకు మా ఇంటికొచ్చిందేమో. మీకేం తెలుసు, నాకేం తెలుసు? ముప్పై ఏండ్లు పొద్దు తప్పకుండా చూసుకున్న షెడ్డు. మళ్లా పురుగు వస్తాండాది. ఇప్పుడు ఆ పిల్లను పిలిస్తే నా చెయ్యి మేతకు పోదు."

"పాప అమ్మ కోసం ఏడుస్తోందంట."

"నేను లేనా?"

సంజీవప్ప లేచి వెళ్లి ఫోటో దించాడు. ఎక్కడ పెట్టాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని నిలబడ్డాడు. తర్వాత గోడ వైపు తిప్పి కింద ఆనించాడు.  పద్మజను ఎప్పుడు పిలుస్తారని నీలావతి అడిగింది. "ఈ పంట దాటనీయమ్మా" అన్నాడు.

ఏప్రిల్ ఒకటిన ఉమాశంకర్ రాష్ట్ర అధ్యక్షుడిగా బాధ్యతలు తీసుకున్నాడు. మే మొదటివారంలో సంజీవప్ప గూళ్లు హిందూపురం మార్కెట్‌కు తెచ్చాడు. పంట బాగా వచ్చింది. నీలావతి మార్కెట్‌కు వెళ్లి ఆయనను కలిసింది. కోడల్ని పిలిపించారా అని అడిగింది. అంజనమ్మ ఇంకో పంట చూద్దామందని చెప్పాడు. కోడలు లేకుండా ఈ పంట బాగా రావడమే దానికి కారణమని చెప్పాడు.

పద్మజకు నీలావతి ఫోన్ చేసింది. బడులు తెరిచేలోపు పిలుస్తామని వెంకటేష్ చెప్పాడని, పాప యూనిఫాం తానే కుడుతున్నానని పద్మజ అంది.

జూన్ 12న బడులు తెరిచారు. నీలావతి హిందూపురం నుంచి మొదటి బస్సులో పెనుకొండ వచ్చి ప్రాథమిక పాఠశాల గేటు దగ్గర నిలబడింది. తొమ్మిదింటికి పాప వచ్చింది. ఒకటో తరగతిలో చేరింది. కొన్న యూనిఫాం వేసుకుంది. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది అంజనమ్మ.